లోపలివాళ్ళు

జూన్ 3

బాబాయ్ లేకపోతే ఇవాళ నా కాలి బొటనవేలు నాతో ఇంటికి వచ్చేది కాదు. ఈ మాట అన్నిటికంటే ముందు రాసి పెట్టుకుంటున్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చినప్పుడు మనుషులు చేసిన మేలు గుర్తుండదు.

పోయిన వారం సీసాల స్టాండు జారి వేలి మీద పడింది. గోరు నల్లబడింది, తర్వాత వాచింది. గోరుచుట్టులే, అదే తగ్గుతుందని గుడ్డ చుట్టి బూటులో దూర్చాను. ఇవాళ పొద్దున పురుగుల గదిలో ఏసీ చూడడానికి వచ్చిన బాబాయ్ నా నడక చూశాడు. మా పురుగుల పరిశోధన సంస్థలో ఏసీలూ మోటార్లూ జనరేటరూ చూసేది ఆయనే. నాకు వరసకేమీ కాడు. డైరెక్టర్ గారికి తప్ప అక్కడ అందరికీ బాబాయే.

"ఏంటమ్మాయ్, కుంటుతున్నావ్?"

"బూటు కరిచింది."

"బూటు కరిస్తే చీలమండ దాకా వాస్తుందా? ఏదీ, గుడ్డ తియ్."

తీయనన్నాను. నీ పని నువ్వు చూసుకోమన్నాను. నిచ్చెన గోడకు ఆనించి నా ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, తీసేదాకా లేవనని. తీశాను. చూశాడు. వెళ్ళి స్కూటర్ తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

డాక్టరు కోసి, కడిగి, కట్టు కట్టింది. ఎముక దాకా పాకుతోందట. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదట. పొద్దునొకటి, రాత్రొకటి పెద్ద పెద్ద బిళ్ళలు రాసింది. "తగ్గినట్టుంది కదా అని మానేయకండి. నేను మానేయమనేదాకా మింగాల్సిందే" అంది. మందుల షాపులో నా బదులు బాబాయే నిలబడి తెచ్చాడు.

జూన్ 5

ఇవాళ మేత రోజు.

బయలుదేరుతుంటే అత్తయ్య రోజూ అనే మాటే అంది. "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. అందరూ నల్లుల్ని చంపుకుంటారు, నా కోడలు చెయ్యి చాపి మేపుతుంది."

"మీ అబ్బాయి పోయాక నన్ను కుట్టేవాళ్ళు మీరొక్కరే మిగిలారు. చాలడం లేదు" అన్నాను. నవ్వింది. ఆవిడ నవ్వితే నాకు ఆ రోజు బాగుంటుంది.

సీసా మూతికి సన్నటి వలగుడ్డ బిగించి ఉంటుంది. లోపల మడతలు మడతలుగా కాగితం. సీసా బోర్లించి ముంజేతి మీద పెట్టుకుని, పైన నల్లగుడ్డ కప్పుకుని, కదలకుండా కూర్చోవాలి. ముందు ఏమీ ఉండదు. తర్వాత కాగితం మీద చిన్న చప్పుడు, నాకు తప్ప ఎవరికీ వినిపించనంత. అవి దిగి వస్తున్నాయన్నమాట. నొప్పి ఉండదు. దురద తర్వాతి సంగతి. గుడ్డ తీసి చూస్తే, పొట్టులా పల్చగా ఉన్నవన్నీ దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉబ్బి, కదలలేక కదలలేక కాగితం ఎక్కుతుంటాయి. పదకొండేళ్ళుగా ఇవన్నీ నా రక్తం తాగి పెరిగినవే. వీటి అమ్మలూ అమ్మమ్మలూ కూడా.

మేత ఇచ్చే మనిషి ఏ మందు వాడినా చెప్పాలని రూలు. చెబితే మూడు నెలలు సీసాలకు దూరం. ఎప్పుడో పాత సారు పెట్టిన రూలు అది. మేత ఇచ్చేవాళ్ళు నీరసపడిపోకూడదని పెట్టి ఉంటాడు. నా మంచి కోసం పెట్టిన రూలు నేను మీరితే ఎవరికి నష్టం? నేను దూరమైతే ఇంకెవరినో కూర్చోబెడతారు. ఆ ఇంకెవరో కదులుతారు, గోక్కుంటారు, సీసా ఎత్తేస్తారు. పైగా ఒకసారి వదిలిన కుర్చీ మళ్ళీ మనది అవుతుందా?

చెప్పలేదు.

జూన్ 12

వాపు దిగింది. అత్తయ్య రాత్రి అన్నం తినగానే బిళ్ళా నీళ్ళూ పట్టుకుని నా ఎదురుగా నిలబడుతుంది, నేను మింగేదాకా కదలదు. బాబాయ్ పొద్దున కనపడగానే "వేసుకున్నావా?" అని అడుగుతాడు. ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లను చేశారు. నాకిదంతా ఎంత బాగుందో వాళ్ళకు చెప్పను, చెబితే నెత్తికెక్కుతారు.

జూన్ 21

మామూలుగానే నడిచాను. దేవుడికీ డాక్టరుకీ స్కూటరుకీ దండాలు.

జూలై 1

డాక్టరు బిళ్ళలు ఇంకొంతకాలం పొడిగించింది. ఎముక కదా, నిదానమట.

నిన్న ఆదివారం పురుగుల గదిలో ఏసీ ఆగిపోయిందట. కాపలావాడు ఫోన్ చేస్తే బాబాయ్ అన్నం మధ్యలోంచి లేచి వచ్చి బాగు చేశాడట. వచ్చేసరికి గది కాస్త వెచ్చబడిందట, అంతే. ఇవాళ సీసాలన్నీ చూశాను, అన్నీ చురుగ్గానే ఉన్నాయి.

జూలై 9

గుడ్లు తక్కువ. కాగితం మడతలు విప్పితే ఎప్పుడూ అతికించిన నూకల్లా తెల్లగా బారులు తీరి ఉండేవి. ఇవాళ అక్కడొకటి, ఇక్కడొకటి. పిల్లలు కూడా పొర విడవడం లేదు, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

చిన్న మేడమ్ పొద్దున్నుంచీ భూతద్దం వదల్లేదు. ఈ ఏడాదే వచ్చిన పిల్ల. ఈ నల్లుల మీద ఏదో కొత్త పని పెట్టుకుంది. నన్ను అక్కా అంటుంది. మా సీసాల్లాంటి రకం ఇంకెక్కడా లేదని, పాత సారు ముప్పై ఏళ్ళ కిందట మొదలుపెట్టిన వంశమని, దీన్ని నమ్ముకునే ఇంత దూరం వచ్చానని మొదటి రోజే నాతో చెప్పింది.

"ఎండాకాలం అలసటేమోనమ్మా" అన్నాను.

"నల్లులకు అలసటేంటక్కా" అంది. నవ్వుదామనుకుంది గాని నవ్వు రాలేదు పాపం.

జూలై 16

ఒక్క గుడ్డు లేదు.

మేడమ్ ఆ మాట వాడింది, పిల్లలు కలగనివాళ్ళను అనే మాట. నల్లుల గురించే అంది, తప్పు లేదు. సైన్సులో ఆ మాటకు ఇంకో అర్థం ఉండదు. కానీ ఆ మాటను మా అత్తయ్య ఇరవై రెండేళ్ళుగా మా గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఒకసారి ఎవరో చుట్టం నోరుజారితే అన్నం ముందు నుంచి లేపి పంపించింది. నాకప్పుడు ఆవిడంటే భయం తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఏమన్నా పడతాను.

ఇంటికి వచ్చాక వంటింట్లో ఆవిడ పక్కన ఊరికే కూర్చున్నాను. ఏమైందని అడగలేదు. కూరగాయలు నా వైపు తోసింది, తరగమని.

జూలై 18

డైరెక్టర్ గారు పురుగుల గదికి వచ్చారు. మేడమ్ బోర్డు మీద నల్లి బొమ్మ గీసి చెప్పింది. నాకూ అర్థమయ్యేలా చెప్పింది. అర్థం కాకుండా చెప్పినా బాగుండేది.

రక్తం మంచి తిండే గాని, అందులో అన్నీ ఉండవట. కొన్ని విటమిన్లు చాలినన్ని ఉండవట. రక్తం తప్ప ఇంకేదీ నోట పెట్టని పురుగుకు మరి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? నల్లి కడుపులో ఒక చిన్న అర ఉంటుందట. అందులో కంటికి కనపడని బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. నల్లికి కావలసినవి అది వండి పెడుతుంది. నల్లి దానికి ఇల్లు ఇస్తుంది. తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డులోంచి పిల్లలోకి అలా వస్తూనే ఉంటుంది. "వీళ్ళు లోపలివాళ్ళు సార్. వీళ్ళు లేకపోతే నల్లి ఎంత తాగినా పెరగదు, గుడ్లు పెట్టదు" అంది మేడమ్.

పదకొండేళ్ళు నా రక్తంతోనే పెంచుతున్నానని మురిసిపోయాను. సగం వంట వేరేవాళ్ళు చేస్తున్నారు.

"ఆ లోపలివాళ్ళు చచ్చిపోతారా?" అన్నారు డైరెక్టర్ గారు.

"ఎక్కువ వేడి తగిలితే పోవచ్చు సార్. లేదంటే యాంటీబయాటిక్. మనకు ఇన్ఫెక్షన్ వస్తే మింగుతామే, అవి రక్తంలో ఉంటే చాలు. కానీ మన దగ్గర అవెక్కడున్నాయి?" అని నా వైపు తిరిగి, మాటవరసకు అడిగింది. "అక్కా, మీరేం మందులు వాడలేదుగా?"

"లేదమ్మా."

అంత తేలిగ్గా వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను. బూటులో కట్టు ఇంకా ఉంది.

అందరూ తలెత్తి ఏసీ వైపు చూశారు. దాని పక్కన నిచ్చెన మీద బాబాయ్ మూత బిగిస్తున్నాడు. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇచ్చాను.

జూలై 19

బిళ్ళ వేసుకున్నాను.

జూలై 20

నోట్లో వేసుకున్న బిళ్ళ కడుపులోకి వెళ్ళాలి, కరగాలి, రక్తంలో కలవాలి. ఒంట్లో ఎంత రక్తం! అందులో నల్లి తాగేది ఎంత? సముద్రంలో కాకిరెట్ట. మేడమ్ సీసాలో పెట్టి చేసే ప్రయోగం వేరు, మనిషి వేరు. ఏసీ ఆగడం మాత్రం నిజం. ఆగిందని అందరికీ తెలుసు.

వేడే అయి ఉంటుంది.

జూలై 23

ఉరుము ఉరిమి మంగళం మీద పడింది. డైరెక్టర్ గారు బాబాయ్‌ని పిలిపించి, ఆ ఆదివారం గది ఎంత వేడెక్కిందో తెలుసా, ముప్పై ఏళ్ళ వంశం నీ నిర్లక్ష్యానికి పోయింది అన్నారట. నెలాఖరుకు తాళాలు అప్పగించి గది ఖాళీ చేయమన్నారట. జనరేటరు షెడ్డు పక్క ఆ ఒక్క గదే బాబాయ్ ఇల్లు. పిన్ని పోయినప్పటి నుంచీ అందులోనే ఒక మంచం, ఒక రేడియో, ఒక స్టవ్వుతో ఉంటున్నాడు.

ఇదంతా నాకు కాపలావాడు చెప్పాడు. ఆఖర్న ఇంకో మాట చెప్పాడు. బాబాయ్ ఒప్పుకున్నాడట. ఔను సార్, నేను ఆలస్యంగా వచ్చాను, నాదే తప్పు అన్నాడట.

ఆయనే ఒప్పుకున్నాడు. ఏసీల సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆయనకు అలా అనిపించబట్టే కదా ఒప్పుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

జూలై 24

ఆయనే ఒప్పుకున్నాడు.

జూలై 25

బాబాయ్ ఇవాళ కూడా "వేసుకున్నావా?" అని అడిగాడు. బాత్రూమ్‌లోకి వెళ్ళిపోయాను.

రాత్రి అత్తయ్య బిళ్ళ పట్టుకుని నిలబడింది. నోట్లో వేసుకున్నాను గాని గొంతు దిగలేదు. మింగలేక కక్కలేక అంటారే, అదే నా పరిస్థితి.

"ఏంటే, వేలు మళ్ళీ సలుపుతోందా?"

"లేదత్తయ్యా."

"అయితే ఇంకేదో సలుపుతోంది. నాకు చెప్పకపోతే పోనీ, చెప్పాల్సినవాళ్ళకు చెప్పు. నిన్నటి నుంచి నువ్వు కూరలో ఉప్పు వేయడం లేదు. నేను నోరు మూసుకుని తింటున్నాను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చెబితే ఏమవుతుంది? నా కుర్చీ పోతుంది, ఉద్యోగం పోతుంది. మేడమ్ నా ముఖం చూడదు. చెప్పకపోతే బాబాయ్ మంచం, రేడియో రోడ్డు మీదకు వస్తాయి. నా వేలు నాకు మిగిల్చిన మనిషి. ఇలా పక్కపక్కన రాస్తే ఎటు చూసినా ఒకటే కనిపిస్తోంది. అందుకే ఇంతకాలం పక్కపక్కన రాయలేదు.

బిళ్ళ చివరికి మింగాను. చేదు అలాగే ఉంది.

జూలై 27

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడమ్ పొద్దున ఒక సీసా తెచ్చింది. చల్లటి అల్మారాలో అడుగున మేత లేకుండా పడుకోబెట్టి ఉంచిన సీసా. మేత లేకుండా నల్లులు నెలల తరబడి ఓర్చుకుంటాయి. వేసవికి ముందే, ఏదైనా అయితే పనికొస్తాయని ఆ పిల్ల ఒక సీసా పక్కన పెట్టి ఉంచింది. ఎంత ముందుచూపు!

"ఇదొక్కటే మిగిలిందక్కా. ఏసీ సంగతి జరగకముందే తీసి పెట్టినవి. వీటిలో లోపలివాళ్ళు బాగున్నారు, ఒకదాన్ని కోసి చూశాను. ఇవాళ మేత ఇచ్చి మళ్ళీ మొదటి నుంచి పెంచుదాం" అంది. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. అయినా మొహంలో వెలుగు.

కుర్చీలో కూర్చున్నాను. చెయ్యి బల్ల మీద పెట్టాను. అలవాటు చొప్పున. ఆ పిల్ల సీసా బోర్లించి ముంజేతి మీద ఆనించి, నల్లగుడ్డ కప్పింది. నేను ఏం ఆలోచించానో నాకు గుర్తు లేదు. బహుశా ఏమీ ఆలోచించలేదు. అప్పుడు కాగితం మీద ఆ చిన్న చప్పుడు వినిపించింది. దిగి వస్తున్నాయి. నెలల ఆకలి మీద, నన్ను నమ్ముకుని దిగి వస్తున్నాయి.

చెయ్యి లాగేశాను. సీసా బల్ల మీద పడి దొర్లింది. పగల్లేదు. మేడమ్ రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దమ్మా. నా రక్తం వద్దు. నేను బిళ్ళలు మింగుతున్నాను. జూన్ నుంచి మింగుతున్నాను. పొద్దున కూడా వేసుకున్నాను."

బూటు విప్పి కట్టు చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు, నా మాట నమ్మదేమోనని కాబోలు. ఏ బిళ్ళ అని అడిగింది. చెప్పాను. సీసాను వెలుతురుకు పట్టి ఒక్కొక్క నల్లినీ చూసింది. ఒక్కదాని కడుపూ ఎర్రబడలేదు. అప్పుడు కుర్చీలో కూలబడి ఏడ్చింది. నాకు తిట్లు తినడం వచ్చు, సరిపడా తిరిగి తిట్టడం కూడా వచ్చు. ఆ ఏడుపుకు ఏం చేయాలో తెలియలేదు. నిలబడ్డాను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది. "మరి ఏసీ ఆయన నాదే తప్పన్నాడెందుకు?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. అప్పటికి నిజంగా తెలియదు.

జూలై 28

తెలిసింది.

జనరేటరు షెడ్డు దగ్గరకు వెళ్ళేసరికి బాబాయ్ రేడియోకి తాడు కడుతున్నాడు.

"ఎందుకు ఒప్పుకున్నావ్? నిన్నెవరడిగారు?"

"ముందు కూర్చో. కాలు మంచం మీద పెట్టుకో."

"కాలు సంగతి తర్వాత. ఏసీ ఆగిన కాసేపట్లో వచ్చి బాగు చేశావు కదా!"

"నిచ్చెన మీదున్నవాడికి చెవులుండవనుకున్నావా అమ్మాయ్? ఆ పిల్ల బిళ్ళల మాట చెప్పింది. నువ్వు లేదమ్మా అన్నావు. రెండూ విన్నాను."

తాడు ముడి వేసుకుంటూ ఆయనే మళ్ళీ అన్నాడు. "నిన్ను బండెక్కించింది నేను. బిళ్ళలు కొన్నది నేను. రోజూ వేసుకున్నావా, వేసుకున్నావా అని ప్రాణం తీసింది నేను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసుకున్నాను."

"నువ్వు పిడికెడు కాదు, గంపెడు నెత్తిన పెట్టుకున్నావు."

"నాకింక ఎన్నాళ్ళుందిలే సర్వీసు. నీకు ఆ సీసాలు తప్ప ఇంకేమున్నాయి?"

అప్పుడు వచ్చింది కోపం. మేలు చేసినవాడి మీద వచ్చే కోపమంత చెడ్డది ఇంకోటి లేదు. "మా అత్తయ్య ఉంది!" అని అరిచాను.

"ఔను, అది మర్చిపోయాను. ఆవిడుంటే పదిమంది ఉన్నట్టే" అన్నాడు. అని నవ్వాడు. నేను ఏడ్చాను. ఆ ఏడుపులోనే రేడియోకి కట్టిన తాడు విప్పేశాను. నేనంతా చెప్పేశానని, ఇంకెక్కడికీ వెళ్ళనక్కర్లేదని అప్పుడు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. వెళ్ళాలని ఆయనకూ లేదు. అది ఆ కూర్చోవడంలో తెలిసింది.

సాయంత్రం డైరెక్టర్ గారే షెడ్డు దాకా నడిచి వెళ్ళారట. ఏం మాట్లాడారో బాబాయ్ చెప్పలేదు. "ఫ్యాను శబ్దం చేస్తోంది, చూడమన్నారు" అన్నాడంతే.

అత్తయ్యకు చెప్పాను. అంతా విని, "చెప్పేశావుగా. ఇంక ఉప్పు వెయ్" అంది.

జూలై 30

నా ఉద్యోగం ఉంది. మేత ఇచ్చే పని లేదు, ఎప్పటికీ లేదు. డైరెక్టర్ గారు పూర్తిగా తీసేస్తానన్నారు. ఆవిడ చెయ్యి లాక్కోకపోతే మనకు ఆ సీసా కూడా మిగిలేది కాదని మేడమ్ అడ్డం పడింది. ఆ పిల్ల నాతో సరిగా మాట్లాడడం లేదు. ఐనా అడ్డం పడింది. ఆ పిల్ల మాట్లాడకపోయినా పడతాను.

పాత సీసాల్లో రెండు ఉంచింది, లోపలివాళ్ళు లేని నల్లులు ఎలా ఉంటాయో చూడాలని. మిగతావన్నీ నేనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఇంకెవరి చేతా పెట్టించనన్నాను. ఒక్కొక్కటీ పెట్టేటప్పుడు ఏదో చెప్పాలనిపించింది. నా చేతి తిండి ఇన్నాళ్ళు తిన్నందుకు దండం అన్నాను. ఆఖరి తిండి అలా పెట్టినందుకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఇక ఆ ఒక్క సీసాకు చెయ్యి కావాలి. బిళ్ళ ముట్టని చెయ్యి. ఈ వెతుకులాట చూడాల్సిందే. మేడమ్‌కు పోయిన నెల జ్వరానికి మందు పడింది. బాబాయ్‌కి షుగరు. కాపలావాడికి దగ్గు మందు. అకౌంట్స్ ఆయన పొద్దున మూడు, మధ్యాహ్నం రెండు, రాత్రి నాలుగు అని వేళ్ళు మడిచి చూపించాడు. అత్తయ్య నా రక్తం పనికిరాదా అని కబురు పంపింది, బీపీ బిళ్ళ కొంగున కట్టుకునే. ఇంత పెద్ద భవనంలో మందు లేని ఒళ్ళు ఒక్కటి దొరకదా అని అందరం తలలు పట్టుకున్నాం.

"మీ తరమంతా ఇంతే" అన్నారు డైరెక్టర్ గారు. "నేను చూడండి. పొద్దున నడక, రాత్రి మితాహారం. బిళ్ళ ముట్టి పదిహేనేళ్ళయింది."

అనేశాక అందరూ ఆయన చేతి వైపే చూస్తున్నారు.

జూలై 31

డైరెక్టర్ గారికి మేత ఇవ్వడం నేర్పించే పని నాకిచ్చింది మేడమ్. చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు.

"కుడుతున్నాయమ్మా! చురుక్కుమంటోంది!"

"ఇంకా సీసా పెట్టలేదండీ."

మేడమ్ ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు ఊగాయి. నా వైపు చూసింది, చాలా రోజుల తర్వాత.

సీసా పెట్టాను, గుడ్డ కప్పాను. ఆయన బిగుసుకుపోయారు. కాసేపటికి వదులయ్యారు. "ఏం తెలియడం లేదే" అన్నారు. "తర్వాత తెలుస్తుందండీ, గోకకండి" అన్నాను. గుడ్డ తీసి చూపించాను. ఎర్రగా ఉబ్బిన వాటిని సీసా తిప్పి తిప్పి చూశారు. ఆ తర్వాత లేచి, గోడ పక్కనున్న కుర్చీ తానే లాక్కొచ్చి నా వెనక వేశారు.

"ఆ కాలితో నిలబడకండి" అన్నారు. నన్ను 'మీరు' అనడం అదే మొదలు.

ఆగస్టు 8

గుడ్లు! మడతల నిండా గుడ్లు!

డైరెక్టర్ గారు చెయ్యంతా దద్దుర్లతో తిరుగుతూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపిస్తున్నారు.

ఆగస్టు 10

నా ముంజెయ్యి నున్నగా అయిపోయింది. మచ్చలన్నీ మానుతున్నాయి. బస్సులో పట్టుకుని నిలబడితే ఎవరి చెయ్యో అనిపిస్తోంది. పదకొండేళ్ళలో ఒక్క వారం కూడా దురద లేకుండా లేదు. ఇప్పుడు దురద లేదు, ఊరికే గోక్కుంటున్నాను.

ఆగస్టు 19

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఇవాళ వాటికి మొదటి మేత.

దానికి ముందు నా బిళ్ళ వేళయింది. సంచీలోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మేడమ్ చూసింది. తన సీసాలో నీళ్ళు నాకిచ్చింది. అక్కడే, అందరి ముందూ మింగాను.

"ఇంకెన్నాళ్ళక్కా?" అంది.

"ఈ వారంతో ఆఖరట."

"మనిషి కడుపులోనూ లోపలివాళ్ళుంటారక్కా. మంచివాళ్ళు. ఈ బిళ్ళలకు వాళ్ళూ కొంతమంది పోతారు. అయ్యాక పెరుగు బాగా తినండి, మెల్లగా కోలుకుంటారు."

నాలోనూ ఉన్నారా! ఇంతకాలం నాకు తెలియకుండా నా కోసం వండి పెడుతున్నారా! పేర్లు తెలియవు, ముఖాలు తెలియవు. అయ్యా, అమ్మా, ఎవరైనా సరే, ఈ వారం ఒక్కటి ఓర్చుకోండి. నాకు మేలు చేసినవాళ్ళకు కష్టం పెట్టడం ఇదే ఆఖరు కావాలని కోరుకుంటున్నాను.

డైరెక్టర్ గారి చేతి మీద నేనే సీసా పెట్టాను. తీశాక మేడమ్ ఒక పిల్లను భూతద్దం కింద పెట్టి, ముందు నన్ను చూడమంది. పుట్టినప్పుడు ఈ పిల్లలు గాజులా ఉంటాయి, అవతలి కాగితం కూడా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ గాజు మధ్యలో ఎర్రటి చుక్క. చుక్క వెడల్పవుతోంది. ఆ ఎరుపు పక్కనే ఎక్కడో, నా కంటికి కనపడకుండా, లోపలివాళ్ళు అప్పుడే పొయ్యి వెలిగించి ఉంటారు.

ఆ ఎరుపు నాది కాదు. ఒక్క చుక్క కూడా నాది కాదు. అయినా చూస్తుంటే నా కడుపు నిండింది.